నూరేళ్ల నిద్రకు మూల్యం: పెరో కథ, ఛైకోవ్‌స్కీ బాలే

అనుసరణలను విమర్శించేటప్పుడు మూలకథలో ఏది నిలిచింది, ఏది జారిపోయింది అని పద్దు వేయడం పరిపాటి. ‘నిద్రాసుందరి’ బాలే విషయంలో ఈ పద్దు మొదట నష్టాన్నే చూపుతుంది. షార్ల్ పెరో 1697 నాటి సంపుటిలోని కథ వివాహంతో ముగియదు. రాకుమారుని తల్లి రాక్షసజాతి స్త్రీ. కొడుకు యుద్ధానికి వెళ్లగానే ఆమె మనుమలను, ఆపైన కోడలిని తినగోరుతుంది. 1890 జనవరిలో సెంట్ పీటర్స్‌బర్గ్‌లోని మరీన్‌స్కీ రంగశాలలో తొలిసారి ప్రదర్శితమైన బాలేలో ఈ ఉత్తరభాగం లేదు. చివరి అంకమంతా పెళ్లివేడుకే. పెరో కథలో పేరే లేని నాయికకు ఇక్కడ ఆమె కుమార్తె పేరైన ‘అరోరా’ మాత్రం సంక్రమించింది.

అత్తగారి వృత్తాంతం పోవడంకంటె గాఢమైన మార్పు మరొకటి ఉందని నా అభిప్రాయం. పెరో కథలో దేవకన్య కోటలోని వారందరినీ నిద్రపుచ్చుతుంది, రాజును రాణిని తప్ప. వారు బిడ్డను ముద్దాడి వెళ్లిపోతారు. నూరేళ్ల తరువాత సింహాసనం వేరొక వంశానిది. రాకుమార్తె మేల్కొనేది తల్లిదండ్రులు లేని లోకంలోకి. పెరో ఈ దుఃఖాన్ని పేర్కొనడు. ఆమె ఎత్తు కాలరు దుస్తులు అమ్మమ్మల నాటివని రాకుమారుడు గమనించి కూడా పైకి అనడు. విందులో వాద్యకారులు నూరేళ్లనాటి పాత బాణీలను వాయిస్తారు. హాస్యం చాటున కాలం కనిపిస్తుంది. బాలేలో తల్లిదండ్రులూ నిద్రిస్తారు, పెళ్లికీ హాజరవుతారు. నూరేళ్లు ఎవరినీ తీసుకుపోలేదు.

దీనిని సుఖాంతంపై మోజుగా మాత్రమే కొట్టివేయరాదు. బాలేను మనం ‘నృత్యరూపకం’ అని అనువదిస్తాం. ఆ మాట ఇక్కడ కొంత తప్పుదారి పట్టిస్తుంది. భామాకలాపంలో నర్తకి అభినయానికి దరువులోని సాహిత్యం ఆధారం. గతించిన కాలాన్ని, ఎదుట లేని వ్యక్తిని పాట చెప్పగలదు. ఈ బాలేలో వాచికం లేదు. మరణించిన తల్లిదండ్రుల లోటును మాట లేకుండా తెలియజేయడం దుస్సాధ్యం. నర్తించగలిగేది వర్తమానం.

ఆ వర్తమానాన్ని నృత్యకర్త మరియుస్ పెతిపా పూర్తిగా వాడుకున్నాడు. కథలో కదురు తిప్పే ముసలమ్మ రాజాజ్ఞ తెలియని అమాయకురాలు. గుచ్చుకోవడం క్షణకాలపు ప్రమాదం. బాలేలో ముసలి వేషంలో ఉన్న కారబోస్ ఇచ్చిన కదురును అరోరా చేతబట్టి ఆడుతుంది, ఆ ఆటలోనే గుచ్చుకుంటుంది. అంతకుముందు ‘రోజ్ అడాజియో’లో నలుగురు వరులు ఒకరి తరువాత ఒకరు చేయి అందించి వదిలేస్తుంటే ఆమె ఒంటికాలి మునివేళ్లపై నిలుస్తుంది. మూలంలో ఇతరులు చూడటానికే ఉన్నట్లుండే నాయికకు ఇక్కడ సొంత చలనం, సొంత నిలకడ లభించాయి. అత్తగారి వృత్తాంతానికి బదులుగా ఇది తక్కువేమీ కాదు.

కోల్పోయిన కాలం మాత్రం సంగీతంలో తిరిగి ప్రవేశించింది. ఏ ఘట్టానికి ఎన్ని స్వరఖండాలు కావాలో కూడా పెతిపా ఛైకోవ్‌స్కీకి ముందుగానే రాసి ఇచ్చాడు. అంతటి నిర్దేశంలోనూ స్వరకర్త ముగింపును ఆశ్చర్యకరంగా మలిచాడు. మజూర్కా ఉత్సాహం తరువాత వచ్చే చివరి వైభవదృశ్యం మైనర్ స్వరశ్రేణిలో సాగుతుంది. దానికి ఆధారం నాలుగవ హెన్రీని కీర్తించే పాత ఫ్రెంచి పాట. ఆ రాజు 1610లో, అంటే పెరో సంపుటికి 87 ఏళ్ల ముందు, మరణించాడు. ఇతివృత్తం కూర్చిన వ్సెవొలోజ్‌స్కీ కోరినది అతని మనుమడైన పద్నాలుగవ లూయీ నాటి వైభవం. మనుమని కొలువులో తాతగారి పాట! కాలానుగుణమైన అలంకారంగానే దానిని ఎన్నుకొని ఉండవచ్చు; స్వరకర్త పెరో విందును తలచాడని నేను అనను. అయినా ఆ విందులోని పాత బాణీలు ఇక్కడ మళ్లీ వినబడుతున్నట్లే తోస్తుంది. రంగస్థలంపై తల్లిదండ్రులు సజీవంగా కూర్చొని ఉండగా వాద్యబృందం మాత్రం గతించినవారి పాటను వాయిస్తుంది. ఈ దృశ్యాన్ని కుదించి మజూర్కాతోనే తెర దించే ప్రయోక్త, పెరో కథలోని నూరేళ్లలో మిగిలిన ఆ కొంచెమూ తొలగించినవాడవుతాడు.