బోస్టన్ నుంచి నాందేడ్‌కి, అడిస్ అబాబా నుంచి బ్రాంక్స్‌కి

సర్జరీ పీజీలు ఇద్దరు కలిస్తే మాట ముందుగా కేసుల మీదికి పోతుంది. నీ చేత చేయిస్తున్నారా, లేక రిట్రాక్టర్ పట్టుకుని నిలబడటమేనా? ఆ వెంటనే విదేశాల మీదికి. ఇది చూసి నేర్చుకునే విద్య కాదు. చెయ్యి తిరగాలంటే రోగులుండాలి. రోగులు పోటెత్తే చోట పరికరాలు చాలవు. పరికరాలు దండిగా ఉన్న దేశాల్లో బయటి డాక్టరుకి అబ్జర్వర్‌షిప్ ఇస్తారు, అంటే చేతులు కట్టుకుని చూడటం. విదేశీ అనుభవం మీద మోజు రెండు వైపులా ఉంది గానీ దాని పేరు మాత్రం రెండు వైపులా ఒకటి కాదు. అటువాడు ఇటొస్తే అనుభవం, ఇటువాడు అటు పోతే వలస.

ఈ పేర్ల తేడా ఎక్కడిదో తెలియాలంటే అతుల్ గవాండే ‘బెటర్’ (2007)లోని నాందేడ్ అధ్యాయాన్నీ, అబ్రహాం వర్గీస్ నవల ‘కటింగ్ ఫర్ స్టోన్’ (2009)నీ పక్కపక్కన పెట్టుకు చదవాలి.

గవాండే బ్రూక్లిన్‌లో పుట్టాడు. బోస్టన్‌లో సర్జరీ శిక్షణ ముగించుకుని 2003లో సందర్శక సర్జన్‌గా మన దేశానికి వచ్చాడు. నాందేడ్ మనకు మరీ పరాయి ఊరేం కాదు. బాసరకు ఎగువన, అదే గోదావరి ఒడ్డున ఉంటుంది. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోదే. అప్పట్లో అక్కడి ప్రభుత్వాసుపత్రికి 1,400 గ్రామాలు, 23 లక్షల జనం, తొమ్మిది మంది జనరల్ సర్జన్లు. కావలసిన మందూ సామానూ రోగి తరఫువాళ్లే బయట కొనుక్కు రావాల్సి వచ్చేది. ఆ ఇరుకులో ఆశిష్ మోటేవార్ అనే సర్జన్ చిల్లుపడిన అల్సర్‌ని లాపరోస్కోపీతో మూసేయడం చూసి గవాండే నివ్వెరపోయాడు. వీళ్లకు ఒకటో రెండో నేర్పవచ్చని వచ్చానని, తీరా చూస్తే సగటు భారతీయ సర్జన్ చేయగలిగినన్ని పనులు తానెరిగిన పాశ్చాత్య సర్జన్లెవరికీ చేతకావని దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. మూత్రాశయంలో రాయి గానీ, పసిపిల్ల తలలో చేరిన నీరు గానీ, ఇంకొకరికి పంపే వీలు లేనప్పుడు ఎవరి చేతికి దొరికితే వాళ్లే చేయాలి మరి.

ఆ నిజాయితీ నాకు నచ్చింది. నచ్చనిది ఒకటుంది. ప్రభుత్వం పెట్టే ఖర్చు ఎంత తక్కువో ఆయనకు తెలుసు, చెప్తాడు కూడా. అయినా పుస్తకం పేరే ‘బెటర్’ గనక చూపు చివరికి మనిషి పట్టుదల మీదికే మళ్లుతుంది. నాందేడ్ సర్జన్ల లేమి బోస్టన్ పాఠకుడికి పాఠంగా మారుతుంది. పాఠం పట్టుకుని వెళ్లినవాడికి తిరుగు టికెట్ ఉంది.

వర్గీస్ నవలలో ఆ టికెట్ లేదు. ఆయన సర్జన్ కూడా కాదు, ఫిజీషియన్. అడిస్ అబాబాలో మలయాళీ కుటుంబంలో పుట్టాడు. ఇథియోపియా విప్లవం చదువుకి అడ్డుపడితే అమెరికాలో ఆసుపత్రి ఆర్డర్లీగా పనిచేసి, మద్రాస్ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ పూర్తిచేసి మళ్లీ అమెరికా వెళ్లాడు. ఆ దారి దుమ్ము నవలలో కనిపిస్తుంది. కథానాయకుడు, డాక్టరైన మారియన్ స్టోన్ ప్రాణభయంతో ఇథియోపియా వదిలి, బ్రాంక్స్‌లోని ఓ పేద ఆసుపత్రిలో సర్జరీ ట్రైనీగా తేలతాడు. అమెరికన్ కుర్రాళ్లు తొంగిచూడని ఆసుపత్రి అది. నడిపేదంతా బయటి దేశాల డాక్టర్లే. మేఫ్లవర్ ఓడ వారసులకు ఒక రకం ఆసుపత్రులు, ఎల్లిస్ ఐలండ్‌లో దిగిన వలసదారులకు మరో రకం అని అక్కడి సహోద్యోగి విడమరచి చెప్తాడు. అవయవాలు కావాల్సినప్పుడు మాత్రం బోస్టన్ బృందం హెలికాప్టర్‌లో దిగుతుంది, తీసుకుపోతుంది. గవాండే బయల్దేరిన ఊరు అదే బోస్టన్. కవల పిల్లలు, కాన్పులో చనిపోయిన నన్ తల్లి, ఎన్నాళ్లకో ఎదురుపడే సర్జన్ తండ్రి — కథలో సినిమా పాలు ఎక్కువే. బ్రాంక్స్ పేజీలకు వచ్చేసరికి అదంతా మర్చిపోయి క్షమించేశాను.

నవలలో అంతకన్నా లోతైన పోలిక అన్నదమ్ములది. మారియన్ సముద్రాలు దాటి నేర్చుకుంటే, డిగ్రీ కూడా లేని శివ పుట్టిన ఆసుపత్రిలోనే ఉండి, పెంచిన తల్లి హేమ దగ్గర పని పట్టుకుని ఫిస్టులా సర్జన్‌గా పేరు తెచ్చుకుంటాడు. కాన్పు రోజుల తరబడి తెమలకపోతే మూత్రాశయానికి పడే చిల్లు అది. సంపన్న దేశాల్లో దాదాపు కనుమరుగైంది గనక దాని కుట్టు అక్కడ నేర్చుకోలేరు. నిజ జీవితంలోనూ 1974లో హామ్లిన్ డాక్టర్ దంపతులు అడిస్ అబాబాలో స్థాపించిన ఫిస్టులా ఆసుపత్రికి ఇతర దేశాల సర్జన్లు నేర్చుకోవడానికే వెళ్లారు. గవాండే నాందేడ్‌లో కళ్లారా చూసినదాన్నే వర్గీస్ శివలో మనిషిగా నిలబెట్టాడు. తేడా ఏమంటే, వర్గీస్ మారియన్‌ని కూడా చూపించాడు.

రెండు పుస్తకాలూ మూశాక ఒక ఊహ వదలలేదు. గవాండే వచ్చిన దారినే మోటేవార్ లాంటి సర్జన్ ఒకరు ఎదురు ప్రయాణం కడితే? విమానం బోస్టన్‌లోనే దిగవచ్చు. కానీ కత్తి పట్టాలంటే సాధారణంగా ముందు అక్కడి పరీక్షలు రాయాలి, తర్వాత రెసిడెన్సీ మొదటి ఏడాది నుంచి మళ్లీ మొదలెట్టాలి. వర్గీస్ గీసిన పటం ప్రకారం ఆ సీటు బ్రాంక్స్‌లో ఉంటుంది.