అనంతానికి మానవ ముఖం: రవీంద్రుని ‘ది రిలిజియన్ ఆఫ్ మ్యాన్’

భారతీయ చింతన జీవునికీ అనంత చైతన్యానికీ గల సంబంధాన్ని నిర్వచనాల కంటె ఉపమానాల ద్వారానే ఎక్కువగా చెప్పింది. ఘటాకాశం మహాకాశం కంటె వేరు కాదన్నారు అద్వైతులు. కుండ పగిలినా ఆకాశానికి కలిగే లోటేమీ లేదు. రామానుజులు శరీర శరీరి భావాన్ని ఆశ్రయించారు. ఆ దృష్టిలో జీవుడు భగవంతునికి శరీరమై నిలుస్తాడే కాని ఆయనలో కరిగిపోడు. ముండకోపనిషత్తు ఒకే చెట్టుపై వాలిన రెండు పక్షులను చూపింది. ఒకటి పండు తింటుంది, రెండవది చూస్తూ ఉంటుంది. ఉపమానం మారినప్పుడల్లా వ్యక్తికి దక్కే చోటు కూడా మారింది. కనుక ఇది కేవలం అలంకార భేదం కాదు. అనంతంలో వ్యక్తి మిగులుతాడా, మిగిలితే అతని అవసరమేమిటి అన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నను ఇరవయ్యవ శతాబ్దంలో కొత్తగా అడిగిన గ్రంథాలలో రవీంద్రనాథ్ ఠాకూర్ ‘ది రిలిజియన్ ఆఫ్ మ్యాన్’ ముఖ్యమైనది. 1930 మే నెలలో ఆక్స్‌ఫర్డ్‌లోని మాంచెస్టర్ కళాశాలలో ఆయన చేసిన హిబ్బర్ట్ ఉపన్యాసాలు 1931లో ఈ గ్రంథ రూపం ధరించాయి. 1933లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ఇచ్చిన కమలా ఉపన్యాసాలలో రవీంద్రుడు ఇదే విషయాన్ని ‘మానుషేర్ ధర్మ’ పేరుతో బెంగాలీలో మళ్లీ వివరించాడు.

గ్రంథ సారాన్ని ఒక్క మాటలో చెప్పవచ్చు. మానవునికి అందే అనంతం మానవత్వంతో నిండిన అనంతమే. ప్రతి వ్యక్తిలోనూ, వ్యక్తులందరినీ మించీ ఒక విశ్వమానవుడున్నాడు. జ్ఞానంలో, ప్రేమలో, కర్మలో తన హద్దు దాటిన ప్రతిసారీ మనిషి ఆయనను స్పృశిస్తున్నాడు. బావుల్ గాయకులు వెదికిన ‘మనసులోని మనిషి’ ఆయనే. క్షితిమోహన్ సేన్ బావులుల గురించి వ్రాసిన వ్యాసాన్ని రవీంద్రుడు గ్రంథానికి అనుబంధంగా చేర్చడం ఈ కారణం చేతనే.

ఈ సిద్ధాంతం తర్కం నుండి పుట్టలేదు. ఉపనయన కాలంలో నేర్చిన గాయత్రి తనకు తొలి మెట్టయిందని కవి చెబుతాడు. బయట లోకాన్ని వెలిగించే శక్తీ, లోపల బుద్ధిని ప్రేరేపించే శక్తీ ఒకటేనన్న స్ఫురణ దానివల్ల కలిగింది. 1882 ప్రాంతంలో కలకత్తా సడ్డర్ స్ట్రీట్‌లోని ఇంటి నుండి ఒక ఉదయం చెట్ల వెనుక పైకి వస్తున్న సూర్యుణ్ణి చూస్తుండగా కన్నుల మీది తెర తొలగినట్లయింది. వీథిలో నడిచే కూలీలు, భుజం మీద చేయి వేసుకొని పోతున్న యువకులు, బిడ్డతో ఉన్న తల్లి, అందరూ ఒకే ఆనందంలో కదులుతున్నట్లు తోచింది. ‘నిర్ఝరేర్ స్వప్నభంగ’ ఆ అనుభవ ఫలమే. తరువాత హిమాలయ సాన్నిధ్యంలో ఆ దర్శనం మరింత స్పష్టమవుతుందని ఆశించి డార్జిలింగ్ వెళితే అక్కడ అది దొరకలేదని ‘జీవన స్మృతి’లో ఆయనే ఒప్పుకున్నాడు. ఈ వైఫల్యం చాలా విలువైనది. ఏకాంత శిఖరం మీద దొరకనిది మనుషులు తిరిగే ఇరుకు వీథిలో దొరికింది. గ్రంథంలోని సిద్ధాంతమంతా ఈ అనుభవానికి వ్యాఖ్యానమే.

అద్వైత సమాధితో రవీంద్రుడు వాదానికి దిగడు. ఆ స్థితిని పొందినవారి సాక్ష్యాన్ని గౌరవిస్తూనే, ప్రేమ ద్వారా మహాపురుషునితో ఐక్యాన్ని అనుభవించినవారి సాక్ష్యానికి కూడా అంతే విలువ ఇవ్వమంటాడు. ప్రేమకు ఇద్దరు కావాలి. వ్యక్తి లేకపోతే అనంతానికి కూడా ప్రేమించేందుకు ఎవరూ ఉండరు. తెలుగు సాహిత్యంలో ఈ రెండు దారులూ ఒకే జీవితంలో కనిపించడం విశేషం. ‘గీతాంజలి’ని తెలుగు చేసిన చలం 1950 నుండి 1979లో మరణించే వరకు అరుణాచలంలో, ‘నేనెవరు’ అన్న విచారణను బోధించిన రమణ మహర్షి ఆశ్రమ సన్నిధిలో గడిపాడు.

రవీంద్రుని దృక్పథానికి కఠిన పరీక్ష 1930 జూలై 14న ఎదురయింది. ఆనాడు బెర్లిన్ సమీపంలోని కాపుత్‌లో ఐన్‌స్టీన్‌తో జరిపిన సంభాషణ కూడా గ్రంథానుబంధాలలో ఉంది. మనుషులే లేకపోతే సౌందర్యం ఉండదని ఐన్‌స్టీన్ అంగీకరించాడు. సత్యం విషయంలో మాత్రం అంగీకరించలేదు. ఇంట్లో ఎవరూ లేకపోయినా బల్ల ఉన్నచోటనే ఉంటుందన్నాడు. దానిని నిరూపించలేనని చెబుతూనే ఆ విశ్వాసాన్ని వదలలేదు. మానవ చైతన్యంతో ఏ సంబంధమూ లేని సత్యం మనకు లేనట్లేనని రవీంద్రుని సమాధానం. కాగితాన్ని తినే పురుగుకు సాహిత్యం లేదు, మనిషికి కాగితం కంటె సాహిత్యమే ఎక్కువ సత్యం అని ఆయన ఉదాహరించాడు.

ఉపమానం అందమైనదే. కాని అది వాదాన్ని నిలబెట్టగలిగిందా? పురుగు వచ్చినా పాఠకుడు వచ్చినా ఇద్దరికీ ముందుగా ఒక కాగితం ఉండాలి. ఆ కాగితం ఇద్దరిపైనా ఆధారపడలేదు. ఐన్‌స్టీన్ చెప్పిన బల్ల వేరే రూపంలో కవి ఉపమానంలోనే మిగిలిపోయింది. గ్రంథంలోని మరొక లోపం కూడా ఇక్కడే బయటపడుతుంది. ‘మానవుడు’ అన్న పదం ఒకచోట చరిత్రలో నడుస్తున్న మానవజాతి, మరొకచోట కాలాతీతుడైన పురుషుడు. మొదటి అర్థంలో అనంతం అనిపించుకోవడం కష్టం. రెండవ అర్థంలో అది మానవ పరిధిలోనే ఉందని చెప్పడం కష్టం. ఒక అర్థం నుండి మరొక అర్థానికి రచయిత జారిపోతున్న చోట్ల పాఠకుడు వచన మాధుర్యానికి లొంగిపోయి గమనించకపోవచ్చు.

ఈ లోపం వల్ల గ్రంథం విలువ తగ్గిందనడం తొందరపాటు. అనంతాన్ని వెదకడమంటే సాటి మనిషికి దూరం కావడం కాదన్న నైతిక స్ఫూర్తి దీని ప్రాణం. ఎదుటివాడు అవమానం పొందుతున్నప్పుడు తన ముక్తిని మాత్రమే చూసుకునే సాధకునికి ఇందులో చోటు లేదు. వ్యక్తిని మాయగా త్రోసిపుచ్చలేదు కనుక అతని బాధను కూడా త్రోసిపుచ్చే వీలు లేదు.

అయితే ఆ వ్యక్తి చైతన్యమే ఆరిపోయే ఘడియ వస్తే ఏమవుతుంది? 1937 సెప్టెంబరులో రవీంద్రుడు హఠాత్తుగా జబ్బుపడి స్పృహ కోల్పోయాడు. 1938లో వెలువడిన ‘ప్రాంతిక్’ కవితలు ఆ చీకటి అంచు నుండి తిరిగివచ్చిన మనసు పలికినవి. ఉపన్యాసాలలోని ధీమా వాటిలో లేదు. 1941 జూలై 27న, మరణానికి పదకొండు రోజుల ముందు చెప్పిన కవితలో తొలినాటి సూర్యుడు జీవుణ్ణి నీవెవరని ప్రశ్నిస్తాడు. బదులు రాదు. ఏళ్లు గడచిపోయాక చివరినాటి సూర్యుడు అదే ప్రశ్న వేస్తాడు. అప్పుడూ బదులు రాదు.

గాయత్రిలో బుద్ధిని మేల్కొలిపిన సూర్యుడు, సడ్డర్ స్ట్రీట్‌లో తెర తొలగించిన సూర్యుడు ఇక్కడ ప్రశ్నించేవాడయ్యాడు. ఆక్స్‌ఫర్డ్ వేదికపై సమాధానం చెప్పిన వక్త, కవిగా ఆ సమాధానాన్ని చివర మళ్లీ చెప్పలేదు. సిద్ధాంతంలో మిగిలిన ఖాళీని కప్పిపుచ్చకుండా అలాగే తెరచి ఉంచడం ఆయన నిజాయితీకి నిదర్శనం. కనుక ‘ది రిలిజియన్ ఆఫ్ మ్యాన్’ను నిరూపణకు నిలిచే దర్శనంగా చదివితే నిరాశ తప్పదు. అనంతంతో ఒక మనిషి జీవితాంతం నిలుపుకున్న స్నేహానికి సాక్ష్యంగా చదివితే దాని బలం తెలుస్తుంది. ఆ స్నేహంలో రెండవవాడు చివరకు మౌనంగా ఉండిపోయినా మొదటివాడు ముఖం త్రిప్పుకోలేదు.