పౌలు లేఖలలో ప్రయాణ సంకల్పము - దైవ చిత్తము

'ప్రభువు చిత్తమైతే' అను పలుబడి క్రైస్తవ వాఙ్మయమున మిక్కిలి ప్రసిద్ధము. తెలుగు క్రైస్తవ కుటుంబముల ఉత్తరములందును, సభల ప్రకటనలందును ఇది తఱచుగా కనవచ్చును. దీనికి ముఖ్యాధారము యాకోబు పత్రికలోని నాలుగవ అధ్యాయము. ఒకానొక పట్టణమున కేగి, సంవత్సరముండి, వ్యాపారముచే లాభము గడింతుమని పలుకు వారిని పత్రికాకర్త అచ్చట మందలించెను. దీనినిబట్టి ముందుగా యోచించుటయే అవిశ్వాసమని కొందఱును, ఆ పలుబడిని చేర్చినంతనే బాధ్యత తీఱినదని మఱికొందఱును తలంతురు. ఈ రెండు తలంపులును పౌలు లేఖల యెదుట నిలువజాలవని నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

మొదట పదమును విచారింతము. తెలుగున 'చిత్తము'నకు మనస్సు అను అర్థముతోపాటు రెండు ప్రయోగములు గలవు. 'తమ చిత్తము' అన్నచో అది పెద్దల యిచ్ఛ. సేవకుడు 'చిత్తము' అని మాత్రమే పలికినచో అది ఆజ్ఞకు అంగీకారము. గ్రీకు మూలమున ఉన్నది ఇచ్ఛించుట యను క్రియయే కాని ఈ రెండవ ఛాయ కాదు. కావున తెలుగు చెవికి ఈ పలుబడి, ఆలోచన ముగిసి విధేయత మాత్రమే మిగిలినట్లు వినిపింపవచ్చును. మూలమున ఇది షరతును దెలుపు ఉపవాక్యము మాత్రమే. ప్రధాన వాక్యము 'వత్తును', 'చేయుదుము' అను సంకల్పమే. షరతు సంకల్పమునకు హద్దు చూపునేగాని దానిని తొలగింపదు.

కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదునాఱవ అధ్యాయము దీనికి నిదర్శనము. పెంతెకొస్తువఱకు ఎఫెసులో నుండుట, పిదప మాసిదోనియ మీదుగా కొరింథు చేరుట, వీలైనచో శీతకాలమంతయు అచ్చట గడపుట, యెరూషలేము పేదలకై ప్రతి ఆదివారమును ధనము కూడబెట్టించుట: ఇన్ని వివరములు అందు గలవు. ప్రభువు అనుమతించినచో అను మాట వీని నడుమనే యున్నది. ఋతువును, మార్గమును, ధనమును లెక్కించిన పిదపనే పౌలు ఆ మాట పలికెను.

ఐనను ఆ యోచన నిలువలేదు. మొదట కొరింథునకును, అటనుండి మాసిదోనియకును పోయి, మరల కొరింథునకు రావలెనని ఆతడు వేఱొక క్రమమును తలంచెను, అదియు నెరవేఱలేదు. చపలచిత్తుడను నింద వచ్చినట్లు రెండవ పత్రిక మొదటి అధ్యాయమువలన తెలియుచున్నది. విమర్శకుడు ఇచ్చట నిలిచి చూడవలెను. దైవ చిత్తము కాలేదని ఒక్క మాటతో పౌలు తప్పించుకొనవచ్చును. కాని అట్లు చేయలేదు. మిమ్ము నొప్పింపకుండుటకై నేనే రాకుంటినని కారణమును తనపై వేసికొనెను. ఆ సందర్భమున దేవుని సాక్షిగా పిలిచెనేగాని కారకునిగా చూపలేదు. విశ్వాసమునకును సాకునకును గల భేదము ఈ యొక్క స్థలమున స్పష్టమగుచున్నది.

అపొస్తలుల కార్యములు పదునాఱవ అధ్యాయమున ఆసియ, బితూనియల మార్గములను ఆత్మయే అడ్డగించెను గదా యని ఆక్షేపింపవచ్చును. అది కథకుని వాక్కు. జరిగినదానిని వ్రాయు కథకునికి దైవ చిత్తమిది యని చెప్పుటకు వీలుగలదు. జరుగబోవుదానిని వ్రాయు లేఖకునికి అట్టి వీలు లేదు. అదిగాక అచ్చటను వారు బితూనియకు పోవ యత్నించిన పిదపనే అడ్డంకి కలిగెను. కదలక కూర్చున్నవారికి కాదు.

సుమారు క్రీ. శ. 57లో వ్రాసినదని పండితులు తలంచు రోమీయుల పత్రికలో ఈ భావము పరిపాకమందినది. యెరూషలేమునకు ధనము చేర్చి, రోము మీదుగా స్పెయినునకు పోవలెనని పౌలు సంకల్పము. దైవ చిత్తమువలన సంతోషముతో మీయొద్దకు చేరునట్లు ప్రార్థింపుడని ఆతడు వేడెను. యెరూషలేములో ఆతడు బంధితుడయ్యెను. కైసరయలో రెండేండ్లు చెఱయందుండెను. ఓడ పగిలి మెలితే ద్వీపమున చిక్కెను. తుదకు సైనికుని కావలిలో రోము చేరెను. గమ్యము లభించినది, తాను కోరిన తీరు లభింపలేదు. స్పెయిను చేరెనో లేదో క్రొత్త నిబంధన చెప్పదు.

కాబట్టి పౌలునందు దైవ చిత్తము యోచనకు బదులు నిలుచునది కాదు. యోచన మానవుని పని. దాని ఫలము ఆతని సొత్తు కాదు. అది మాఱినప్పుడు సమాధానము చెప్పుట మరల ఆతని పనియే. ఈ మూడింటిలో నడిమిదానిని మాత్రమే గ్రహించి తక్కిన రెంటిని విడిచినచో ఆ పలుబడి అలవాటు మాటగా మిగులును. మూడింటిని కూడ గ్రహించినచో అది నిజమైన విశ్వాసవాక్యమగును.