ఎట్టా చేశావయ్యా?

పల్నాట మేజిక్ చేసేవాడికి చప్పట్లు ఆలస్యంగా వస్తాయి. ముందు ప్రశ్న వస్తుంది. నరసరావుపేట సంతలోనైనా, మాచర్ల చెన్నకేశవస్వామి తిరునాళ్లలోనైనా, గురజాలలో ఏ బడి వరండాలోనైనా ఆ ప్రశ్న ఒకటే: ‘ఎట్టా చేశావయ్యా?’ పిల్లలైతే ‘ఎట్టా సార్, ఎట్టా సార్’ అంటూ మీద పడతారు. పెద్దవాళ్ళు తువ్వాలు భుజం మార్చుకుని, ‘ఏదీ, ఇంకోసారి చెయ్యి, ఈసారి పట్టుకుంటా’ అని పందేనికి దిగుతారు. కోడిపందెంలో ఓడి మాచర్ల ప్రభువులు ఏడేళ్ళు రాజ్యం విడిచిపోయిన కథ వింటూ పెరిగిన గడ్డ ఇది. నాయకురాలు నాగమ్మ ఆ పందెం ఎట్టా గెలిచిందన్న తగువే ఇంకా తేలలేదు. ఇక ఖాళీ డబ్బాలోంచి పావురం ఎట్టా వచ్చిందని అడక్కుండా ఊరుకుంటారా?

ఈ ప్రశ్నకు ఇచ్చే జవాబు కూడా ఆటలో భాగమే. పావురాన్ని దాచడం నేర్చినవాడు సగం విద్యే నేర్చినట్టు. అడిగినవాడి మనసు నొప్పించకుండా, గుట్టూ విప్పకుండా సాగనంపడం మిగతా సగం. మేజిక్ పుస్తకాలు మొదటి సగం గురించే పేజీలకు పేజీలు రాస్తాయి. నాకు రెండోదే ఇష్టం.

రోడ్డు పక్క గారడీ ఆడేవాణ్ణి చూడండి. గోనెపట్టా పరిచి, మూడు చిప్పలు బోర్లించి, గుడ్డపీలికలతో చుట్టిన ఉండలు మూడు ముందు పెడతాడు. ఎదురుగా జనం, వెనకా జనమే. స్టేజీ మీద మెజీషియన్‌కి ఉండే తెర, దీపాలు, దూరం ఇవేవీ అతనికి లేవు. అందుకే ప్రశ్న పుట్టకముందే దానికి అడ్డుకట్ట వేస్తాడు. చేతులు కట్టుకున్నవాళ్ళు విప్పాలంటాడు, ఆట మధ్యలో కదిలితే తన పూచీ లేదంటాడు. మంత్రం లేదు, తంత్రం లేదు, జానెడు పొట్ట కోసం హస్తలాఘవం, కోటి విద్యలూ కూటి కొరకే అని తనే ముందుగా ఒప్పేసుకుంటాడు. వినడానికి జాలి కోసం అన్నట్టుంటుంది గానీ అందులో గొప్ప నిజాయితీ ఉంది. తను చేస్తున్నది ఏమిటో చెప్పేశాడు. ఎట్టా చేస్తున్నాడో దాచుకున్నాడు. ఈ తేడాతో మనకి మళ్ళీ పనిపడుతుంది.

అంత చెప్పినా ఒకాయన ఊరుకోడు. ‘ఉండ ఎడమచేతిలో ఉంది, నేను చూశా!’ అని అరుస్తాడు. నిజంగా అక్కడే ఉంటే? గారడీవాడు చెయ్యి వెనక్కి లాక్కోడు. ‘అబ్బో, పట్టేశావు బాబాయ్! రేపట్నించి నాతో రా, వచ్చింది చెరిసగం’ అంటాడు. జనం గొల్లుమని బాబాయి వైపు తిరుగుతారు. ఆ నవ్వు ఆగేలోపు ఎడమచెయ్యి ఖాళీ. అప్పుడు చిటికెనవేలు మొదలుకుని ఒక్కో వేలూ విప్పి తాపీగా చూపిస్తాడు. బాబాయి ఓడిపోయాడు, పరువు మాత్రం పోలేదు. చాలాసార్లు పట్టా మీద మొదటి పది రూపాయల కాగితం వేసేదీ ఆయనే.

గుట్టు ఎందుకు చెప్పరంటే వృత్తి, గురువుకిచ్చిన మాట, తరాల సొత్తు అంటారు. అబద్ధమేం కాదు. మన దగ్గర ఇంద్రజాలమే కులవృత్తిగా బతికినవాళ్ళున్నారు. విప్రవినోదులు బ్రాహ్మణుల ఇళ్ళ ముందే విద్య చూపేవారు. తెలంగాణలో సాధనాశూరులకు పద్మశాలీలే పోషకులు. అట్లాంటి ఇంట్లో కిటుకు అంటే పొలం లాంటి ఆస్తి, అడిగినవాడికల్లా రాసిచ్చేది కాదు. 1830ల్లో మద్రాసులో ఒక బ్రాహ్మణుడు కర్ర మీద చెయ్యి ఆనించి గాలిలో పద్మాసనం వేసుకు కూచునేవాడు. ఇంగ్లీషు పత్రికలు అతని పేరు శేషల్ అని రాసుకున్నాయి. కూచునేముందూ దిగేముందూ చుట్టూ దుప్పటి పట్టేవారు, అంతే, ప్రశ్నలకి అదే జవాబు. కర్రలోంచి బట్టల కిందికి పోయే ఇనుప ఆధారం ఉందని ఆ కాలం వాళ్ళే ఊహించారు. ఇవ్వాళ ఊరూరా టూరిస్టుల ముందు ‘గాలిలో తేలే స్వాములు’ కూచునేదీ ఆ పద్ధతిలోనే.

కానీ మెజీషియన్లు బాహాటంగా ఒప్పుకోని కారణం ఇంకోటుంది. గుట్టు చాలామటుకు చప్పగా ఉంటుంది. ఒక నల్లదారం, వాలుగా పెట్టిన అద్దం, డబ్బాకి రెండో అడుగు. చెప్పగానే ‘ఓస్, ఇంతేనా!’ అంటాడు అడిగినవాడు. ఆ మాటతో ఆటా పోతుంది, ఇంత చిన్నదానికి బుట్టలో పడ్డానా అని అతనికి తన మీద తనకే చిరాకూ పుడుతుంది. అసలు విద్య దారంలో లేదు. దారం ఉన్నవైపు మన చూపు పోకుండా చెయ్యడంలో ఉంది. అది మాటలతో చెప్పి ఒప్పించగలిగేది కాదు. అమెరికా జోడీ పెన్, టెల్లర్ మన చిప్పల ఆటనే లోపలిదంతా కనిపించే గ్లాసులతో చేసి చూపిస్తారు. ఉండలు ఎటునుంచి ఎటు పోతున్నాయో అంతా కళ్ళ ముందే ఉంటుంది, అయినా చూపు వెనకబడుతుంది.

‘ఇంకోసారి చెయ్యి’ అన్నది ప్రశ్న కంటే పదునైన ప్రశ్న. మొదటిసారి ఏం జరగబోతోందో చూసేవాడికి తెలియదు. రెండోసారి ఎటు చూడాలో తెలుసు. అందుకే ఒకే ఆటని ఒకే దారిలో వెంటనే మళ్ళీ చెయ్యరు; చేసినట్టు కనిపించిందంటే దారి మార్చారన్నమాట. దీనికి ఎదురు నిలిచే పాత ఆట ఒకటుంది. పి.సి. సర్కార్ (1913–1971) ప్రదర్శన పొడుగునా ఒక చెంబు దగ్గర పెట్టుకునేవాడు. నీళ్ళన్నీ ఒంపేసి ‘వాటర్ ఆఫ్ ఇండియా’ అనేవాడు. మరో ఆట అయ్యాక మళ్ళీ ఒంపితే మళ్ళీ నీళ్ళు. ఎట్టా అని అడిగినవాడికి జవాబు ఇంకాసిని నీళ్ళు! 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కి నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1967లో కాలవలకి నీళ్ళు వదిలారు. అందాకా బిందెడు నీళ్ళ కోసం దూరాలు నడిచిన పల్నాటి ఆడవాళ్ళ ముందు ఈ చెంబు పెడితే, ‘ఎట్టా’ అని అడిగేవాళ్ళు కాదు, ‘ఎక్కడ అమ్ముతారు’ అని అడిగేవాళ్ళు.

సర్కార్ ఇచ్చిన అతిపెద్ద జవాబు మాత్రం మౌనం. 1956 ఏప్రిల్ 9న బీబీసీ ‘పనోరమా’లో ఒక అమ్మాయిని బల్ల మీద పడుకోబెట్టి నడుముకి అడ్డంగా రంపం దించాడు. పిలిచినా ఆ అమ్మాయి పలకలేదు. వ్యాఖ్యాత కెమెరా ముందుకొచ్చి కార్యక్రమం ముగిసిందన్నాడు. ప్రాణం పోయిందనుకుని జనం ఫోన్లతో బీబీసీని ముంచెత్తారు. ఆమె క్షేమంగానే ఉందని చెప్పుకోవాల్సి వచ్చింది. టైము చాలక అట్లా జరిగిందన్నారు. నేనైతే నమ్మను. ‘ఎట్టా కోశాడు’ అన్న ప్రశ్నే ఎవరికీ తోచలేదు, ‘బతికుందా’ అన్నదే మిగిలింది. అడిగే ప్రశ్ననే మార్చేసినవాడు జవాబు వెతుక్కోనక్కర్లేదు.

పిల్లల దగ్గర ఈ పెద్దమనిషి ఎత్తులు పనిచెయ్యవు. వాళ్ళకి దొంగ గుట్టు కావాలి. గుడ్డు సంచి ఆట దీనికి సరిగ్గా సరిపోతుంది. సంచిలో వేసిన గుడ్డు మాయమవుతుంది. మెజీషియన్ కావాలనే తడబడి ఏదో చంకలో ఇరికించుకున్నట్టు చేస్తాడు. ‘చంకలో! చంకలో!’ అని బడి కప్పు లేచిపోయేలా అరుస్తారు పిల్లలు. అతను అమాయకంగా రెండో చెయ్యి ఎత్తుతాడు. ‘అది కాదు, ఇంకోటి!’ చివరికి రెండూ ఎత్తితే అక్కడ ఏమీ లేదు, గుడ్డు సంచిలోనే ఉంది. జవాబు దొరికిందనుకున్న సంతోషం ఒకటి, అది తప్పని తేలిన సంతోషం ఇంకోటి. పెద్దవాళ్ళకి ఈ రెండోది అంత తొందరగా ఒంటబట్టదు.

ఈ మధ్య మనసు చదువుతామనే మెంటలిస్టులూ దొంగ గుట్టే చెబుతున్నారు. ‘మీ కనురెప్పల కదలికని బట్టి మీరనుకున్న పేరు చెప్పాను’ అంటారు. గుడ్డు సంచి వాడు చివర చేతులెత్తి చూపిస్తాడు, వీళ్ళు చూపించరు. ఆ కనురెప్పల శాస్త్రాన్ని నిజమనుకునే జనం ఇళ్ళకు పోతారు. ఇది నాకు గిట్టదు.

దండి దశకుమార చరిత్రలో, దాన్ని తెలుగు చేసిన కేతన కావ్యంలో, విద్యేశ్వరుడనే ఐంద్రజాలికుడు ఉన్నాడు. మాళవరాజు మానసారుడి కొలువులో పాముల్నీ గద్దల్నీ పుట్టించి భయపెట్టి, ఆఖర్న శుభం కోసం ఒక పెళ్ళి చూపిస్తానంటాడు. రాజకుమార్తె అవంతిసుందరికీ రాజవాహనుడికీ అగ్నిసాక్షిగా పెళ్ళి జరుగుతుంది. మాయామనుషులంతా వెళ్ళిపోండని కేకవేయగానే నిజం పెళ్ళికొడుకు నిజం పెళ్ళికూతురితో అంతఃపురంలోకి జారుకుంటాడు. రాజు బహుమతులిచ్చి పంపిస్తాడు. ఎవరూ ఏమీ అడగలేదు, అంతా మాయే అని వాళ్ళే అనుకున్నారు గనక.

విద్యేశ్వరుడు నిజాన్ని మాయగా నమ్మించాడు. తలకిందులు చేస్తే దొంగ స్వామి. అతను మాయని నిజంగా నమ్మిస్తాడు. అప్పుడు ‘ఎట్టా’ అన్న ప్రశ్న స్వరం మారిపోతుంది. అందులో ముచ్చట ఉండదు, భయం ఉంటుంది. నిమ్మకాయ కోస్తే నెత్తురు కారింది, ఇంటికి చేతబడి జరిగిందంటాడు స్వామి. కత్తికి ముందే మందారరేకులు రుద్ది ఆరబెట్టుకున్నాడు. ఆ రసం పులుపు తగిలితే ఎర్రబడుతుంది. పసుపునీళ్ళు ఎర్రనీళ్ళవడమూ అంతే. అందులో సున్నం పడింది. సున్నం బట్టీల పిడుగురాళ్ళ పక్కనే ఉంది, పెళ్ళికి కాళ్ళకి పెట్టే పారాణి పసుపూ సున్నమూ కలిపిందేనని ఇంటింటా తెలుసు. అయినా స్వామి చేతిలో చూసేసరికి ఆ తెలిసినది గుర్తుకు రాదు, భయం అట్లా పనిచేస్తుంది.

చూశారుగా, ఈ రెండింటి గుట్టూ గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. మూడు చిప్పల గుట్టు చెప్పలేదు, చెప్పను కూడా. 1988లో మొదలైన జన విజ్ఞాన వేదిక వాళ్ళు బళ్ళలో, ఊరి రచ్చబండల దగ్గర చేసేది ఈ పనే: ముందు స్వామి వేషంలో మహిమ చూపిస్తారు, దణ్ణం పెట్టబోయే చేతుల్ని ఆపి గుట్టు విప్పుతారు. వాళ్ళకంటే ముందు విజయవాడలో గోరా, నాస్తిక కేంద్రం వాళ్ళు నిప్పుల మీద నడిచి, మామూలు మనుషుల్ని నడిపించి, ఇందులో దేవుడి పని లేదన్నారు. బి. ప్రేమానంద్ దేశమంతా తిరిగి బాబాల విద్యలు ఒక్కొక్కటీ చేసి చూపించాడు. ఇంగ్లండులో 1584లోనే రెజినాల్డ్ స్కాట్ గారడీ కిటుకులు పుస్తకంలో పెట్టాడు. మంత్రగత్తెలని ముద్రవేసి జనాన్ని చంపుతున్న రోజులవి.

దీని మీద మెజీషియన్లలో గొణుగుడు ఉంది: మీ సైన్సు కోసం మా కూడు పోతోందని. ఆ బాధ పూర్తిగా తీసిపారేసేది కాదు. నిప్పు పుట్టించడం, నాలిక మీద కర్పూరం వెలిగించడం రెండు వైపులవాళ్ళూ చేసేవే. కానీ గారడీవాడు మొదట్లోనే ఒప్పుకున్నాడు చూడండి, మంత్రం లేదని. ఆ ఒక్క ముక్క చెప్పినవాడి కిటుకుని ఎవరూ బజారుకి లాగనక్కర్లేదు. ఫ్రాన్సు ప్రభుత్వం 1856లో మెజీషియన్ రాబర్ట్ హూడాన్‌ని అల్జీరియా పంపింది, అక్కడి మరబూతులనే మతగురువుల పలుకుబడిని మేజిక్‌తో తగ్గించమని. ఆట ముగిశాక, ఇదంతా నేర్చుకున్న నేర్పే తప్ప మంత్రశక్తి కాదని దుబాసీల చేత చెప్పించానని రాసుకున్నాడు. వలస పాలకుల పని చేసిపెట్టినవాడు, ఆ సంగతి వేరు. ఏది చెప్పాలో, ఏది దాచాలో మాత్రం అతనికి తెలుసు.

ఇక నిజంగానే గుట్టు చెప్పే సందర్భం ఒకటుంది. ఆట అయిపోయి, పెట్టె సర్దుకునేటప్పుడు ఒక కుర్రాడు మిగిలిపోతాడు. అందరూ ‘ఎట్టా చేశావు’ అంటే వీడు ‘నాకు వస్తుందా’ అంటాడు. రేపు రమ్మంటాడు మెజీషియన్. చాలామంది రారు, అందుకే రేపు రమ్మనడం. వచ్చినవాడికి పావురం ఇవ్వరు, రూపాయి బిళ్ళ ఇస్తారు. దాన్ని బొటనవేలి మొదట్లో కండకీ అరచేతికీ మధ్య ఇరికించుకుని, వేళ్ళు వదులుగా వేలాడేసి, మామూలుగా తిరగమంటారు. టీ తాగాలి, చొక్కా గుండీలు పెట్టుకోవాలి, అడిగినవాడికి దారి చూపించాలి. బిళ్ళ జారుతుంది. మళ్ళీ తీసుకోవాలి. చెయ్యి బిగుసుకుపోతే ఎదుటివాడు అక్కడే చూస్తాడు. బిళ్ళ ఉందన్న సంగతి చెయ్యి మర్చిపోయేదాకా నెలల తరబడి ఇదే పని.

కొన్నాళ్ళకి వాడు ఇంట్లో చెల్లెలి ముందు బిళ్ళ మాయం చేస్తాడు. ఆ పిల్ల ఊరుకోదు, అన్న రెండు చేతులూ పట్టుకుని వేళ్ళు విప్పదీస్తుంది, చొక్కా మడతలు తడుముతుంది, ‘ఎట్టా చేశావన్నయ్యా, చెప్పవా’ అని చుట్టూ తిరుగుతుంది.

‘ఇంకో రూపాయి తే, చెబుతా’ అంటాడు వాడు.