అర్జీ ఇంగ్లీషు, పని ఇంగ్లీషు

శ్రీకాకుళం జిల్లాలో మా నిమ్మాడ చుట్టుపక్కల పదో తరగతి దాటిన ఏ పిల్లాడినైనా ఇంగ్లీషులో ఒక అర్జీ రాయమనండి. ‘రెస్పెక్టెడ్ సర్’ అని అందుకుని, ‘ఐ బెగ్ టు స్టేట్’ మీదుగా ‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్’ దాకా తడుముకోకుండా రాసేస్తాడు. ఇది తెల్లదొరల నాటి కచేరీ ఇంగ్లీషు. ఇంగ్లండులో ఎప్పుడో పక్కన పెట్టేశారు. మన దగ్గర ఆఫీసుల నుంచి బడికి, బడి నుంచి గైడు పుస్తకాలకు చేరి అక్కడే పాతుకుపోయింది. దానిమీద నాకు చిన్నచూపేమీ లేదు. బ్యాంకుకి, కాలేజీకి, కోర్టుకి రాసేటప్పుడు మర్యాద ఉండాల్సిందే. నా బాధల్లా ఆ ఒక్కటే నేర్పి, ఇంగ్లీషంటే ఇంతే అని పిల్లల్ని పంపించేస్తున్నందుకు.

పలాస, టెక్కలి, ఉద్దానం వైపు నుంచి ఎందరో కుర్రాళ్లు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా గల్ఫ్‌కీ సింగపూర్‌కీ వెళ్తుంటారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరి, జీడిమామిడి తోటల్ని నేలకూల్చాక, తోటల్నే నమ్ముకున్న ఇళ్లలోంచి కూడా ఆ దారి పట్టినవాళ్లున్నారు. వాళ్లు దిగేచోట ‘ఐ బెగ్ టు స్టేట్’ అనేవాడు ఒక్కడూ ఉండడు.

సెలవు మీద వచ్చిన ఒక వెల్డరు కుర్రాడు భుజం మీద మచ్చ చూపించి నాతో చెప్పిన మాట ఇది: “ఫోర్‌మన్ ‘లుక్ అవుట్’ అని అరిసినాడు మాస్టారూ. బైటకి సూడమన్నాడు కావాల అనుకుని నాను గుమ్మం కేసి సూసినాను. పైనుంచి పైపు పడిపోనాది.” వాడికి లుక్ తెలుసు, అవుట్ తెలుసు. ‘బివేర్’ తెలుసు, ‘కాషన్’ కూడా తెలుసు. లుక్, అవుట్ అన్న రెండు చిన్న మాటలూ పక్కపక్కన చేరితే ‘జాగ్రత్త, తప్పుకో’ అని అర్థం వస్తుందని మాత్రం వాడికి ఎవరూ చెప్పలేదు. వాడికి చదువు చెప్పినవాళ్లం చెప్పి ఉండాల్సింది.

ఇలాంటి జంట మాటల్నే వ్యాకరణంలో ఫ్రేజల్ వెర్బ్ అంటారు. లుక్ ఆఫ్టర్ అంటే చూసుకోవడం, లుక్ ఫర్ అంటే వెతకడం, లుక్ ఇంటూ అంటే విచారించడం. మన పిల్లలకి ‘ఇన్వెస్టిగేట్’ వచ్చి ‘లుక్ ఇంటూ’ రాకపోవడానికి, ‘పోస్ట్‌పోన్’ వచ్చి ‘పుట్ ఆఫ్’ రాకపోవడానికి కారణం పాతదే. 1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక కోర్టుల్లో, కొలువుల్లో ఫ్రెంచి, లాటిన్ మాటలు పీట వేసుకున్నాయి. వంటింట్లో, పొలంలో పాత మాటలే మిగిలాయి. అందుకే ఇంట్లో మంట ‘పుట్ అవుట్’ చేస్తారు, నోటీసు బోర్డు మీద ‘ఎక్స్‌టింగ్విష్’ చేస్తారు. మనమూ అంతేగా! ఇంట్లో మొదలెడతాం, శిలాఫలకం మీద ప్రారంభిస్తాం. ఇంట్లో వెతుకుతాం, పుస్తకంలో అన్వేషిస్తాం. పుస్తకం ద్వారానే ఇంగ్లీషు నేర్చినవాడికి పుస్తకం మాటలే వస్తాయి.

నేర్పడం కష్టమని చాలామంది పంతుళ్లు అంటారు. నేను ఒప్పుకోను. పడు, పడిపో, పడేయ్, పడుకో. చూడు, చూసుకో, చూసిపెట్టు. మూడేళ్ల పిల్లకి ఈ తేడాలన్నీ ఎవరూ చెప్పకుండానే తెలుసు. పాఠం చెప్పేటప్పుడు నేను ఇక్కణ్నుంచే మొదలెడతాను. ఈట్ అంటే తిను, ఈట్ అప్ అంటే తినేయ్. యూజ్ అంటే వాడు, యూజ్ అప్ అంటే మొత్తం వాడేయ్. మనకి క్రియకి అతుక్కుని వచ్చేది వాళ్లకి విడిగా పక్కన నిలబడుతుంది. ఆ ఒక్క సంగతి తెలిసిందంటే పిల్లలు తమంతట తామే కొత్తవి పట్టుకొస్తారు.

ఇవన్నీ వీధి మాటలు, మర్యాదకి పనికిరావు అనుకోవడం కూడా తప్పు. మా ఊరి కింజరాపు రామ్మోహన్ నాయుడు 2024 జూన్ నుంచి చూస్తున్నది పౌర విమానయాన శాఖ. ఆ రంగంలో చెక్ ఇన్, టేకాఫ్ అన్నవే అధికారిక మాటలు. అక్కడ ఒక్క మాట తేడా ఏం చేస్తుందో చూడండి. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరీఫేలో పొగమంచులో రెండు జంబో జెట్‌లు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. వాటిలో ఒకటైన కేఎల్ఎం విమానం నుంచి ‘ఇప్పుడు టేకాఫ్ దగ్గరున్నాం’ అన్నట్టుగా ఒక మాట వచ్చింది. విమానం అప్పటికే కదిలిపోయింది. కంట్రోలరు మాత్రం ఇంకా బయల్దేరే చోట ఆగి ఉన్నారనుకున్నాడు. పొగమంచు, రేడియోలో గరగర, ఇతర పొరపాట్లూ తోడయ్యాయి. ఆ తర్వాతే నియమం పెట్టారు: ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా దాన్ని రద్దు చేసేటప్పుడు మాత్రమే ‘టేకాఫ్’ అనాలి, మిగతా అన్నిచోట్లా ‘డిపార్చర్’ అనాలి. ఏ మాట ఎక్కడ వాడాలన్నది ప్రాణాలతో ముడిపడిన సంగతి.

ఈ వివేకం మన జిల్లాకి కొత్త కాదు. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో బడిపంతులు. బడిలో చెప్పే తెలుగు, నోట పలికే తెలుగు ఇంత దూరంగా ఎందుకున్నాయని జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు తనిఖీ అధికారి అడిగిన ప్రశ్న ఆయన్ని కదిలించింది. జీవద్భాషతోనే చదువు మొదలవ్వాలని యూరపులో వాదిస్తున్న హెన్రీ స్వీట్ వంటివారి రచనలు చదివారు. తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం మనకి వాడుక భాషనిచ్చింది. అదే తనిఖీ ప్రశ్న ఇవాళ మన ఇంగ్లీషు పాఠాన్ని అడిగితే జవాబు లేదు. 2023లో ప్రభుత్వ బడుల పిల్లలకి టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్షలన్నారు. పరీక్ష పేరు మారినంతమాత్రాన పాఠం మారదు. ఐఈఎల్‌టీఎస్ అనే మరో ఇంగ్లీషు పరీక్ష ఉంది. దాని జనరల్ ట్రైనింగ్ రకంలో, రాత భాగంలో మొదటి ప్రశ్న ఉత్తరమే. అది స్నేహితుడికా, మేనేజరుకా అన్నదాన్ని బట్టి భాష మార్చాలి. మన పిల్లలు స్నేహితుడికీ అర్జీయే పెడుతున్నారు.

అయ్యవార్లకి నా మనవి: అర్జీ పాఠం చెప్పిన రోజే, అదే సంగతి ఫోన్లో స్నేహితుడితో ఎలా చెబుతారో కూడా చెప్పించండి.

బయల్దేరుతున్న కుర్రాళ్లకీ ఒక మాట. వీసా చేతికొచ్చేలోగా వాచ్ అవుట్, హోల్డ్ ఆన్, లెట్ గో, బ్యాక్ అప్, షట్ డౌన్, పుట్ అవుట్ వంటివి చెవిన పడగానే ఏం చెయ్యాలో తెలిసేదాకా సాధన చెయ్యండి. అర్థంకాని చోట తల ఊపొద్దు. ‘సే దట్ అగైన్, ప్లీజ్’ అని అడగండి. పని ఆగినా ఫరవాలేదు.