పోయిన పొలం, పగిలిన ఖజానా: ‘ది ఆస్ఫాల్ట్ జంగిల్’ – ఒక పరిశీలన

దోపిడీ ఇతివృత్తంగా గల నోయర్ చిత్రాలకు ఒరవడి పెట్టినవాటిలో జాన్ హ్యూస్టన్ దర్శకత్వం వహించిన ‘ది ఆస్ఫాల్ట్ జంగిల్’ (1950) ముఖ్యమైనది. డబ్ల్యు.ఆర్. బర్నెట్ 1949లో వెలువరించిన నవల దీనికి ఆధారం. పకడ్బందీ పథకాన్ని విధి భగ్నం చేసిన కథగా దీన్ని చూడడం పరిపాటి. అయితే ఈ కథలో విధికన్నా ముందు అప్పు ఉంది.

నగల దోపిడీకి పెట్టుబడి పెడతానన్న న్యాయవాది ఎమెరిక్ పైకి సంపన్నుడు, లోపల దివాలా తీసినవాడు. డిక్స్ హ్యాండ్లీ గుర్రప్పందేల్లో ఓడి బాకీపడ్డవాడు. ఖజానా తెరిచేవాడికి, కారు నడిపేవాడికి, తుపాకి పట్టేవాడికి కూలి ముందే లెక్కకట్టి ఉంటుంది. నేరం ఇక్కడ ఒక వృత్తి.

డిక్స్ విలాసం కోరడు. పంట పోయి, తండ్రి మరణించి, ఆశలు పెట్టుకున్న గుర్రప్పిల్ల కాలు విరిగి, కెంటకీలోని కుటుంబ క్షేత్రం చేజారింది. దాన్ని తిరిగి కొనాలన్నదే అతని తపన. చివరికి నెత్తురోడుతూ అక్కడికే చేరి, పచ్చికలో గుర్రాల మధ్య కూలిపోతాడు.

ఈ ముగింపు పిడుగురాళ్ల ప్రేక్షకుడికి పరాయిది కాదు. సున్నపు బట్టీలకు పేరుపొందిన ఆ పట్టణం చుట్టూ ఉన్నవి పల్నాటి పత్తి, మిరప చేలు. పురుగుమందు అరువు తెచ్చి సాగు చేసే రైతుకు ఒక్క ఏడు పంట పోతే ఏమవుతుందో అక్కడ ఎవరూ వివరించనక్కరలేదు. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ పత్తిని దెబ్బతీసినప్పుడు అప్పుల పాలైన రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. డిక్స్ తుపాకి పట్టాడు. వారు తమ ప్రాణమే తీసుకున్నారు.

ఆ తర్వాత మూడేళ్లకు వచ్చిన రామ్ గోపాల్ వర్మ ‘క్షణ క్షణం’ (1991) కూడా బ్యాంకు దోపిడీతోనే మొదలవుతుంది. ముఠాలో ఒకడు సొమ్ము దాచడంతో కథ సత్య, చందుల పలాయనంగా మారుతుంది. వేగం, హాస్యం, శ్రీదేవి నటన ఆ చిత్రానికి బలం. కానీ దోచినవారికి ఊరు లేదు, పోగొట్టుకున్న పొలం లేదు. సొమ్ము కథను పరుగెత్తించే సాధనంగా మిగిలింది. హ్యూస్టన్ చిత్రంలో అదే సొమ్ము, తీరని నష్టానికి కొలమానం.

రెండు చిత్రాల లక్ష్యాలు వేరు కనుక ఇది తారతమ్య నిర్ణయం కాదు. నోయర్ ప్రభావాన్ని చీకటి వెలుగుల చిత్రణలోనే వెతికితే భూమి ప్రశ్న మరుగున పడుతుంది. తెలుగు నేరచిత్రాల పరిశోధన, దొంగ ఏమి దోచాడన్నదానితో పాటు అంతకుముందు ఏమి కోల్పోయాడో కూడా అడగవలసి ఉంది.