బాయికాడి మాట

“ఫోన్ల మోటర్ నడుస్తున్నదని సూపిస్తున్నది, బాయికాడ సుక్క నీళ్లు లేవు. ఫోన్‌ను నమ్మాల్నా, బాయిని నమ్మాల్నా?” మా చిన్నాయన అడిగాడు. ఫోన్‌తో మోటర్ నడిపే ఆ మొబైల్ స్టార్టర్‌కు ప్రోగ్రాం రాసింది నేనే.

తప్పులూ నావే. మొదట, నొక్కిన ప్రతిసారీ ఒక ఆజ్ఞ పంపేలా రాశాను. స్టార్టర్‌కు సిగ్నల్ లేనప్పుడు చిన్నాయన విసుగొచ్చి ఆరుసార్లు నొక్కాడు. సర్వర్ ఆ ఆరింటినీ భద్రంగా దాచింది. సిగ్నల్ రాగానే వరసగా అప్పజెప్పింది. స్టార్టర్ ఆన్, ఆఫ్, ఆన్ అంటూ టకటకా కొట్టుకుంది. మేం వాడిన ఎంక్యూటీటీ అనే సందేశాల పద్ధతి 1999లో పుట్టింది. ఎడారుల్లోని చమురు పైప్‌లైన్లను ఉపగ్రహం ద్వారా గమనించడానికి. తెగిపోయే లైన్లు దానికి కొత్త కాదు. ఆజ్ఞలకు కాలదోషం పడుతుందని తెలియనిది నాకే.

తర్వాత పద్ధతి మార్చాను. ఈ కొత్త పద్ధతిని అమెజాన్ డివైస్ షాడో అంటుంది, మైక్రోసాఫ్ట్ డివైస్ ట్విన్ అంటుంది. క్లౌడ్‌లో ప్రతి స్టార్టర్‌కూ ఒక చీటీ. అందులో రెండు గళ్లు: డిజైర్డ్, అంటే మనం కోరింది, రిపోర్టెడ్, అంటే పరికరం చెప్పింది. సిగ్నల్ రాగానే స్టార్టర్ ఆ చీటీ అడిగి, ఆఖరి కోరిక ఒక్కటే చూస్తుంది. చీటీ మారినప్పుడల్లా వెర్షన్ నంబర్ పెరుగుతుంది కాబట్టి, ఆలస్యంగా వచ్చిన పాత కబురును పక్కన పడేస్తుంది.

ఇక్కడా ఒక దొంగదారి తొక్కాను. కోరినదాన్నే ఎత్తి రిపోర్టెడ్ గడిలో రాసేశాను. రెండు గళ్లూ ముచ్చటగా కలిశాయి, నీళ్లు మాత్రం రాలేదు. ఇప్పుడు మోటర్‌ను ఆన్ చేసే రిలే మాట కూడా వినం. మోటర్ ఎన్ని ఆంపియర్లు లాగుతోందో కొలిచి అదే రాస్తాం.

అసలు చిక్కు వేరే. చిన్నాయన బాయికాడ పచ్చబటన్ చేత్తో నొక్కాడు. చీటీలో నిన్నటి ‘ఆఫ్’ అలాగే ఉంది. సిగ్నల్ రాగానే నడుస్తున్న మోటర్‌ను క్లౌడ్ ఆపేసింది. ఎవరి మాట చెల్లాలన్నది సాంకేతిక ప్రశ్న కాదు. బాయికాడ నిలబడ్డవాడిదే అని తేల్చాం. చేత్తో నొక్కితే స్టార్టరే పాత కోరికను కొట్టేస్తుంది.

ఇప్పుడు యాప్‌లో రెండు వరుసలు: ‘మీరు కోరింది’, దాని కింద ‘మోటర్ చెప్పింది, 12 నిమిషాల కింద’. చిన్నాయన పై వరుస చదవడు.